కీచుమనే బ్రేకు వేరు, అరిగిన ప్యాడ్లు వేరు

బ్రేకు కీచుమంటే ప్యాడ్లు అయిపోయాయని, చప్పుడు లేకపోతే బ్రేకు బాగుందని అనుకునేవాళ్లే మనలో ఎక్కువ. రెండు నమ్మకాలూ తప్పే. నిన్నగాక మొన్న వేయించిన కొత్త ప్యాడ్లు సిగ్నల్ దగ్గర చుట్టుపక్కలవాళ్లు తిరిగి చూసేలా అరవొచ్చు. పూర్తిగా అరిగి, వెనకున్న ఇనుప రేకు డిస్కును తాకడానికి సిద్ధంగా ఉన్న ప్యాడ్లు కిమ్మనకుండా ఉండొచ్చు. చప్పుడు ఒక సమస్య, అరుగుదల మరొకటి. రెండూ ఒకేసారి రావచ్చు గానీ, ఒకదాన్ని బట్టి రెండోదాన్ని తేల్చడం కుదరదు.

ఈ పొరపాటు అభిప్రాయానికి కొంతవరకు కార్లే కారణం. చాలా కార్ల ప్యాడ్లకు పక్కన ఒక చిన్న రేకు నాలుక ఉంటుంది. ప్యాడ్ అరిగి పలచబడ్డాక ఆ నాలుక డిస్కుకు రాసుకుని కీచుమంటుంది. కావాలని పెట్టిన హెచ్చరిక అది. మన మోటారు సైకిళ్ల ప్యాడ్లకు సాధారణంగా ఆ ఏర్పాటు ఉండదు. వాటికి ఉండేది ఒక గాడి. ప్యాడ్ ముఖం మీదో అంచునో గీసిన ఆ గాడి కనిపిస్తున్నంతకాలం ప్యాడ్‌లో సరుకు ఉన్నట్టు. గాడి చెరిగిపోతే మార్చాల్సిన సమయం వచ్చినట్టు. అది చెవికి వినపడే సంగతి కాదు, కంటితో చూసి తెలుసుకోవాల్సింది. కానీ సర్వీసుకూ సర్వీసుకూ మధ్య వంగి ఆ గాడిని చూసేవాళ్లు ఎంతమంది?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు. ఆ చావులన్నీ బ్రేకుల వల్ల జరిగాయని నేను అనడం లేదు. కానీ బ్రేకు ఏ మాత్రం మందగించినా ఎంత తేడా వస్తుందో ఒక్కసారి లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకులు బాగున్న బండి అక్కడి నుంచి ఆగడానికి సుమారు 23 మీటర్లు చాలనుకుంటే, ఆ పట్టు మూడో వంతు తగ్గిన బండికి 35 మీటర్లు కావాలి. అదనంగా కావాల్సిన ఆ 12 మీటర్లు ఒక సిటీ బస్సు పొడవు.

ఇక డిస్కు బ్రేకు ఎలా పనిచేస్తుందో చూద్దాం. లివరు నొక్కితే హ్యాండిల్ దగ్గరున్న చిన్న డబ్బా నుంచి వచ్చే ద్రవం మీద ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడి గొట్టం గుండా చక్రం దగ్గరున్న క్యాలిపర్‌కు చేరి, లోపలి పిస్టన్లను బయటికి నెడుతుంది. పిస్టన్లు ప్యాడ్లను డిస్కుకు అదుముతాయి. మన దగ్గర ఎక్కువ బళ్లకు పిస్టన్లు ఒక పక్కనే ఉంటాయి. అవి ఒక ప్యాడ్‌ను నొక్కగానే క్యాలిపర్ మొత్తం రెండు నున్నటి పిన్నుల మీద పక్కకు జరిగి రెండో ప్యాడ్‌ను కూడా లాక్కొస్తుంది. ఆ జారే పిన్నులను గుర్తుపెట్టుకోండి. సగం జబ్బులకు మూలం అక్కడే ఉంది.

బండి ఆగిందంటే దాని వేగంలో ఉన్న శక్తి అంతా వేడిగా మారిందన్నమాట. బండి, నడిపే మనిషి కలిపి 220 కిలోలు అనుకుంటే, 60 కిలోమీటర్ల వేగంలో ఆ శక్తి సుమారు 30,000 జౌళ్లు. అదంతా కిలో బరువున్న ఒక్క ఉక్కు డిస్కులోకే పోతే డిస్కు వేడి ఒక్క దెబ్బకు 65 డిగ్రీల దాకా పెరుగుతుంది. అదే బండి 30 కిలోమీటర్ల వేగంలో ఉంటే శక్తి సగం కాదు, నాలుగో వంతే. వేగం రెట్టింపయితే బ్రేకు మోయాల్సిన భారం నాలుగు రెట్లవుతుంది. ప్యాడ్ అంటే ఇంత వేడిని రోజుకు కొన్ని వందలసార్లు తన ఒంటి మీద తీసుకుంటూ, కొంచెం కొంచెంగా అరిగిపోయే వస్తువు. అరగడమే దాని పని.

మరి అరుపు ఎక్కడిది? బడిలో బోర్డు మీద సుద్దముక్కను నిటారుగా పట్టి రాస్తే ఒళ్లు జలదరించేలా కీచుమనేది. కాస్త వాల్చి పట్టుకుంటే ఆగిపోయేది. అక్కడ జరిగిందే ఇక్కడా జరుగుతుంది. ప్యాడ్ డిస్కుకు ఒక క్షణం అతుక్కుంటుంది, వెంటనే జారుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. ఇది సెకనుకు కొన్ని వేలసార్లు జరిగేసరికి ప్యాడ్, క్యాలిపర్, డిస్కు మూడూ కలిసి వణుకుతాయి. పలచటి గుండ్రటి ఉక్కు పళ్లెం కాబట్టి డిస్కు ఆ వణుకును పెద్దది చేసి బయటికి వినిపిస్తుంది. మనకు వినపడే కీచు చాలావరకు సెకనుకు 1,000 నుంచి 15,000 కంపనాల మధ్య ఉంటుంది. అంటే చప్పుడుకు మూలం రాపిడి మాత్రమే కాదు, వణకడానికి దొరికిన వీలు కూడా. ప్యాడ్ తన గూట్లో వదులుగా ఉన్నా, దాని వీపు పిస్టన్‌కు పొడిపొడిగా తగులుతున్నా, ముఖం గాజులా నునుపెక్కినా ఆ వీలు దొరుకుతుంది.

ఈ అరుపు డిస్కు బ్రేకుతో పాటే పుట్టింది. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజినీరు డిస్కు బ్రేకుకు పేటెంట్ తీసుకున్నాడు. ఆయన వాడినవి రాగి ప్యాడ్లు. లోహం మీద లోహం రాసుకుని భరించలేని కీచు వచ్చేది. తర్వాత కొన్నేళ్లకు హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్బెస్టాస్ పొర వేసి ఆ గోల తగ్గించాడు. ఆస్బెస్టాస్ వేడిని తట్టుకుంటుంది, చవక, చప్పుడు చేయదు. కానీ దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుందని తేలడానికి చాలా దశాబ్దాలు పట్టింది. ఈలోగా ఎంతమంది మెకానిక్కులు ఆ దుమ్మును ఊదుకుంటూ బతికారో తలుచుకుంటే బాధగా ఉంటుంది. ద్విచక్ర వాహనాల విషయానికొస్తే, 1962లో ఇటలీలో లాంబ్రెటా టీవీ 175 స్కూటరుకు ముందు చక్రానికి డిస్కు వచ్చింది. 1969లో హోండా సీబీ 750 దాన్ని పెద్దయెత్తున మోటారు సైకిళ్లలోకి తెచ్చింది. లాంబ్రెటా వంశంలోదే అయినా, మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ల పుష్పక్ స్కూటరు డ్రమ్ము బ్రేకులతోనే తిరిగింది. 1999లో సీబీజెడ్, 2001లో పల్సర్ లాంటి బళ్లు వచ్చాకే మన వీధుల్లో డిస్కు మామూలు దృశ్యమైంది.

సికింద్రాబాద్‌లో బండి నడిపేవాళ్లకు ఈ కీచు ఎందుకంత పరిచయమో కొంచెం ఆగి చూడాలి. ప్యాట్నీ నుంచి క్లాక్ టవర్ మీదుగా సంగీత్ చౌరస్తా దాకా సాయంత్రం పూట బండి నడవదు, పాకుతుంది. అలా పాకుతున్నప్పుడు చాలామంది కుడి పాదాన్ని వెనక బ్రేకు పెడల్ మీదే ఆనించి ఉంచుతారు. నొక్కినట్టు వాళ్లకు తెలియదు, ప్యాడ్‌కు మాత్రం తెలుస్తుంది. గట్టిగా పట్టీ పట్టని ఆ రాపిడి ఆగకుండా సాగితే ప్యాడ్ వేడెక్కి, పైపొర గట్టిపడి మెరుపెక్కుతుంది. ఇంగ్లీషులో గ్లేజింగ్ అంటారు, మెకానిక్కులు ‘ప్యాడ్ గట్టిపడింది’ అంటారు. దీనికి తోడు రోడ్డు పనుల దుమ్ము. వానాకాలం వస్తే ఒలిఫెంటా వంతెన లాంటి చోట్ల నిలిచిన బురదనీళ్లు. వెనక క్యాలిపర్ కిందికి ఉండటంతో ఆ బురదంతా దానిమీదే చిమ్ముతుంది. పైగా ముందు బ్రేకు వేస్తే బండి బోల్తా కొడుతుందనే భయం మనలో బాగా పాతుకుపోయింది. దాంతో వెనక బ్రేకుతోనే అంతా నడిపిస్తాం. నిజానికి బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది కాబట్టి బండిని ఆపే బలంలో పెద్ద భాగం ముందు చక్రానిదే. ఈ భయం వల్ల చాలా బళ్లకు ముందు ప్యాడ్లు బాగానే ఉండి వెనకవి ముందుగా అరిగిపోతాయి. 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లకూ, 2019 ఏప్రిల్ 1 నుంచి అన్ని కొత్త బళ్లకూ 125 సీసీ దాటితే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, ఆ లోపు అయితే కనీసం రెండు చక్రాలకూ కలిపి పనిచేసే సీబీఎస్ తప్పనిసరి అయ్యాయి. ఏబీఎస్ ఉన్నా ప్యాడ్లు అరగడం మానవు.

ముందు చూడటం నేర్చుకుందాం. దీనికి ఏ పనిముట్లూ అక్కర్లేదు. ఫోన్ టార్చి వెలిగించి, క్యాలిపర్ వెనక నుంచో కింద నుంచో డిస్కుకు రెండు పక్కలా చూడండి. ఇటొకటి అటొకటి ఇనుప రేకులు, వాటికి అతికి ఉన్న నల్లటి లేదా రాగిరంగు పొర కనిపిస్తాయి. చూడాల్సింది ఆ పొర మందాన్నే, రేకుతో కలిపి కాదు. చాలా కంపెనీల పుస్తకాల్లో కనీసం 1 మిల్లీమీటరు అని ఉంటుంది. నేనైతే 2 మిల్లీమీటర్లకు రాగానే కొత్తవి కొని ఇంట్లో పెట్టుకోమంటాను. రెండు ప్యాడ్లనూ చూడాలి. ఒకటి మందంగా, ఒకటి పలచగా ఉంటే ఇందాక చెప్పిన జారే పిన్నులు బిగుసుకుపోయాయని అనుమానించాలి. ఒకే ప్యాడ్ ఒక చివర మందంగా, మరో చివర పలచగా అరిగినా అదే కథ. ఈ జబ్బు కుదర్చకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవి కూడా అలాగే పోతాయి.

బ్రేక్ ఆయిల్ డబ్బా కిటికీ వైపు కూడా ఒక చూపు చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి వస్తాయి, వాటి వెనక ఖాళీని ఆయిల్ నింపుతుంది, డబ్బాలో మట్టం తగ్గుతుంది. కాబట్టి మట్టం కింది గీత దగ్గరికి వస్తే వెంటనే ఆయిల్ పోయించకూడదు, ముందు ప్యాడ్లు చూడాలి. పోయిస్తే ప్యాడ్లు అరిగిన గుర్తును మన చేతులతో మనమే చెరిపేసుకున్నట్టు అవుతుంది. ప్యాడ్లు మందంగా ఉన్నా మట్టం తగ్గుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం. అప్పుడు బండి నడపకుండా మెకానిక్‌కు చూపించాలి.

ప్యాడ్లు కొనడానికి సికింద్రాబాద్‌లో రాణిగంజ్ ఉండనే ఉంది. మోటారు విడిభాగాల దుకాణాలు బారులు తీరిన చోటు అది. అక్కడికెళ్లి ‘అన్నా, బ్రేకు సౌండ్ వస్తోంది, ప్యాడ్లు ఇవ్వు’ అంటే, కౌంటర్ వెనకాయన అడిగే మొదటి మాట ‘ఏ బండి, ఏ సంవత్సరం, ముందుదా వెనకదా?’ అనే. ఒకే పేరున్న బండికి కూడా ఏడాదిని బట్టి, ఏబీఎస్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి క్యాలిపర్ మారుతుంది. పాత ప్యాడ్‌ను, లేకపోతే కనీసం ఆర్సీలోని మోడల్ వివరాలను వెంట తీసుకెళ్లండి. కంపెనీ సరుకు, బండి కంపెనీకి బ్రేకులు సరఫరా చేసేవాళ్ల సరుకు, ఏ పేరూ లేని లోకల్ సరుకు మూడూ అక్కడ దొరుకుతాయి. మూడోదాని జోలికి పోవద్దు. బ్రేకు విషయంలో వంద రెండొందలు మిగుల్చుకోవడం నాకు అర్థం కాని పొదుపు. ప్యాకెట్ మీద తయారీదారు పేరు, ధర, బ్యాచ్ వివరాలు, ఆస్బెస్టాస్ లేదన్న మాట ఉన్నాయో లేదో చూడండి. పొర రేకుకు అంచుల దగ్గర పగుళ్లు లేకుండా అతికి ఉందో లేదో వేలితో తడిమి చూడండి.

ప్యాడ్లలో రకాలున్నాయి. ఆర్గానిక్ అనేవి మెత్తన. చప్పుడు తక్కువ, డిస్కును తినవు, కానీ త్వరగా అరుగుతాయి. సింటర్డ్ అనేవి లోహపు పొడులను ఒత్తి, కరగనివ్వకుండా వేడి చేసి గట్టిపరిచినవి. వానలోనూ వేడిలోనూ పట్టు వదలవు, ఎక్కువకాలం వస్తాయి. కానీ కొంచెం అరుస్తాయి, డిస్కును కూడా కొంచెం తింటాయి. ఈ రెండోరకం విద్య మన ఊరికి కొత్త కాదు. కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ యుద్ధవిమానాల చక్రాలను ఆపే ప్యాడ్లను లోహపు పొడులతో దేశీయంగా తయారు చేసే పద్ధతిని రూపొందించింది. ఇక మన 125 సీసీ, 150 సీసీ బళ్ల విషయం. కంపెనీ ఏ రకం బిగించి ఇచ్చిందో ఆ రకమే వేసుకోవడం మేలు. డిస్కునూ లివరు పట్టునూ దానికి తగ్గట్టే కుదిర్చి ఉంటారు. సింటర్డ్ వేసి బ్రేకు అరుస్తోందని బాధపడేవాళ్లకు నా జవాబు ఇదే.

మార్చే పని చేతితో కొంచెం అలవాటున్నవాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు. స్పానరు పట్టడం అసలు అలవాటు లేకపోతే మెకానిక్ దగ్గర చేయించండి, పక్కన నిలబడి చూడండి. ఏం చేయాలో తెలిసి నిలబడటం వేరు, తెలియక నిలబడటం వేరు.

బండిని చదునైన నేల మీద డబుల్ స్టాండ్ వేసి నిలపండి. అది లేకపోతే సైడ్ స్టాండ్ వేసి, మొదటి గేరులో ఉంచండి. డిస్కు చల్లారి ఉండాలి. క్యాలిపర్ విప్పకముందే ప్యాడ్లను పట్టి ఉంచే పిన్నును కొంచెం వదులు చేయండి. క్యాలిపర్ ఫోర్కుకు బిగించి ఉన్నప్పుడు ఆ పిన్ను తేలిగ్గా తిరుగుతుంది, విప్పి చేతిలో పట్టుకున్నాక ఒక పట్టాన రాదు. చాలా బళ్లకు దానికి అలెన్ కీ కావాలి. కొన్నింటికి దానిమీద చిన్న మూత స్క్రూ ఉంటుంది, కొన్నింటికి క్లిప్పు ఉంటుంది. తర్వాత క్యాలిపర్ బోల్టులు రెండూ తీసి, దాన్ని డిస్కు మీద నుంచి జాగ్రత్తగా లాగండి. గొట్టం మీద వేలాడదీయకూడదు, తాడుతో ఫోర్కుకు కట్టాలి. ఏబీఎస్ బండి అయితే చక్రం దగ్గరి సెన్సారుకు, పళ్ల రింగుకు దెబ్బ తగలకుండా చూడాలి. క్యాలిపర్ బయట ఉన్నంతసేపు లివరు ముట్టుకోవద్దు, పిల్లలను కూడా బండి దగ్గరికి రానివ్వద్దు. ఒక్కసారి నొక్కితే పిస్టన్ బయటికి తోసుకొస్తుంది.

పాత ప్యాడ్లు తీసే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. లోపల ప్యాడ్లను అదిమి పట్టే పలచటి స్ప్రింగు రేకు ఒకటి ఉంటుంది. అది ఏ వైపు ఎలా కూర్చుందో ఆ ఫొటోయే చెబుతుంది. దాన్ని తిరగేసి పెట్టినా, అసలు పెట్టడం మరిచినా ప్యాడ్ టకటకలాడుతుంది. ప్యాడ్ వీపు మీద పలచటి రేకు తొడుగు ఉంటే అది కూడా ముఖ్యమే. వణుకును తినేయడానికే దాన్ని పెడతారు. హడావిడిగా ప్యాడ్లు మార్చే చోట్ల ఈ తొడుగు పాత ప్యాడ్‌తో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. కొత్త ప్యాడ్లు వేయించిన మర్నాడే అరుపు మొదలయ్యే కేసుల్లో నేను మొదట అనుమానించేది దీన్నే.

క్యాలిపర్ లోపలి నల్లటి దుమ్మును నోటితో ఊదకండి, గాలి పంపుతో కొట్టకండి. ఆస్బెస్టాస్ లేకపోయినా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పాత ప్యాడ్లలో ఏముందో ఎవరు చెప్పగలరు? మాస్కు కట్టుకుని, సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్ ముంచి రుద్దండి. బయటికి వచ్చి ఉన్న పిస్టన్ చుట్టూ పేరుకున్న మట్టిని ముందు శుభ్రంగా తీయాలి. ఆ తర్వాతే పిస్టన్‌ను లోపలికి నెట్టాలి. మట్టితో సహా నెడితే లోపలి రబ్బరు సీలు చిరుగుతుంది. పెట్రోలు, డీజిలు, కిరోసిన్ ఈ పనికి వాడకూడదు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టన్ పూర్తిగా వెనక్కి పోవాలి. బొటనవేళ్లతో నిదానంగా, వంకర పోకుండా నెట్టండి. పోకపోతే పాత ప్యాడ్‌ను అడ్డం పెట్టి చిన్న క్లాంపుతో నొక్కండి. అప్పుడు పైన డబ్బాలోకి ఆయిల్ ఎగదన్నుతుంది. మధ్యలో ఎవరైనా ఆయిల్ పోసి ఉంటే మూత దాకా వచ్చి పొంగుతుంది. మూత తీసి, చుట్టూ గుడ్డ పరిచి, ఒక కంట కనిపెట్టండి. అది ట్యాంకు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచే ఆ ద్రవానికీ ఇంజిన్ ఆయిల్‌కూ సంబంధం లేదు. ఒకదాని బదులు ఒకటి పోస్తే సీళ్లన్నీ పాడై బ్రేకు పూర్తిగా పోతుంది. మూత మీద డాట్ 3, డాట్ 4 అని ఏది రాసి ఉంటే అదే పోయాలి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరాక ఆ ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు.

ఇప్పుడు జారే పిన్నులు. క్యాలిపర్ బ్రాకెట్ నుంచి బయటికి లాగి, పాత గట్టిపడ్డ గ్రీజు తుడిచి, రబ్బరుకు హాని చేయని సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. చేతితో నెడితే క్యాలిపర్ హాయిగా అటూ ఇటూ జరగాలి. పిన్నుకు తుప్పు గుంటలు పడితే కొత్తది వేయండి. పదిహేను నిమిషాల పని ఇది. అయినా ప్యాడ్ల మార్పులో ఎక్కువసార్లు వదిలేసేది దీన్నే. ప్యాడ్ వీపు మీద, పిస్టన్ తాకే చోట, అధిక వేడిని తట్టుకునే బ్రేకు గ్రీజును గోరంత పూత పూయండి. పొర ఉన్న వైపు ఒక చుక్క కూడా తగలకూడదు.

డిస్కును కూడా చూడాలి. దానిమీదే ఎక్కడో ఒక చోట కనీస మందం ఎంతో చెక్కి ఉంటుంది. అంచున వేలికి తగిలే మెట్టు ఏర్పడితే వెర్నియర్‌తో కొలిపించండి, ఆ అంకె కన్నా తక్కువ ఉంటే డిస్కు మార్చాల్సిందే. బాగుంటే బ్రేక్ క్లీనర్‌తోనో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో శుభ్రమైన గుడ్డతో తుడవండి. తర్వాత ప్యాడ్లు పెట్టి, పిన్ను తోసి, క్యాలిపర్ బిగించండి. బోల్టులను ఎంత బలంతో బిగించాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది. టార్క్ రెంచి లేనివాళ్లు ఈ ఒక్క పనికి మెకానిక్ దగ్గరికి వెళ్లడం తప్పు కాదు.

అన్నీ బిగించాక వెంటనే బండి తీయొద్దు. నేను ఈ వ్యాసంలో ఒకే ఒక్క మాట గుర్తుంచుకోమంటే ఇదే గుర్తుంచుకోమంటాను. పిస్టన్ వెనక్కి పోయి ఉంది కాబట్టి మొదటిసారి లివరు నొక్కితే హ్యాండిల్ దాకా ఊరికే వచ్చేస్తుంది, బ్రేకు పడదు. లివరును పదేపదే నొక్కుతూ అది గట్టిపడేదాకా ఆగండి. వెనకది మార్చితే పెడల్‌ను కూడా అలాగే తొక్కండి. ఆయిల్ మట్టం చూసి మూత బిగించండి. చక్రం చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. లివరు ఎన్నిసార్లు నొక్కినా స్పాంజిలా మెత్తగా ఉంటే లోపల గాలి చేరినట్టు. గాలి తీయించకుండా గేటు దాటకూడదు.

కొత్త ప్యాడ్ డిస్కుతో కుదురుకోవడానికి కొంత సమయం కావాలి. తెల్లవారుజామున వాహనాలు లేని వెడల్పాటి రోడ్డు చూసుకుని, 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా ఒక మోస్తరు బలంతో తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు. మళ్లీ వేగం అందుకుని, మధ్యలో చల్లారనిస్తూ పది సార్లు ఇలా చేయండి. ఆ తర్వాత రెండు మూడు వందల కిలోమీటర్ల వరకు అత్యవసరమైతే తప్ప గట్టి బ్రేకు వేయకండి. ఈ తతంగం లేకుండా నేరుగా ట్రాఫిక్‌లోకి తీసుకెళ్తే కొత్త ప్యాడ్లు కూడా మెరుపెక్కి అరవడం మొదలుపెడతాయి.

ఇక ప్యాడ్లు మందంగానే ఉండి, బ్రేకు అరుస్తున్నవాళ్ల సంగతి. అరుపు ఎప్పుడొస్తోందో గమనించండి. వాన పడిన మర్నాడు పొద్దున, లేదా వాటర్ సర్వీసు చేయించాక, మొదటి నాలుగైదు బ్రేకులకు వచ్చి ఆగిపోతే అది డిస్కు మీద పట్టిన పలచటి తుప్పు. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. బండి ఆగబోయే ముందు, నెమ్మదిగా ఉన్నప్పుడు మాత్రమే సన్నగా కీచుమంటే ప్యాడ్ మెరుపెక్కింది, లేదా వీపున గ్రీజు ఆరిపోయింది. ప్యాడ్లు తీసి, గాజు పలక లాంటి చదునైన దానిమీద ఎమరీ పేపరు పరిచి, కొంచెం నీళ్లు చల్లి, మెరుపు పోయేదాకా గుండ్రంగా రుద్దండి. ముందు అంచును, వెనక అంచును ఆకురాయితో కాస్త ఏటవాలు చేస్తే ఇంకా మంచిది. సుద్దముక్కను వాల్చి పట్టుకున్న ఫలితమే ఇక్కడా వస్తుంది. బ్రేకు వేయకుండానే షుర్‌షుర్‌మని వస్తే పిస్టనో పిన్నులో బిగుసుకుని ప్యాడ్ వెనక్కి రావడం లేదు. చక్రం తిరిగినప్పుడల్లా ఒకే చోట వస్తే డిస్కు వంగి ఉండొచ్చు. గరగరమని ఇనుము ఇనుమును కొరుకుతున్నట్టు ఉంటే అది కీచు కానే కాదు, పొర అయిపోయింది. బండిని అక్కడే ఆపి మెకానిక్‌ను పిలవాలి. ఆ స్థితిలో ఇంకో రోజు తిరిగితే ప్యాడ్లతో పాటు డిస్కు కూడా పోతుంది.

వెనక డిస్కు ఉన్నట్టుండి అరిచి, పట్టు కూడా తగ్గితే చైన్ స్ప్రేను తలుచుకోండి. చైనుకు కొట్టిన స్ప్రే గాలికి డిస్కు మీద పడుతుంది. బండి మెరవడానికి కొట్టే పాలిష్ కూడా అంతే. నూనె పీల్చుకున్న ప్యాడ్ మళ్లీ బాగుపడదు. పెట్రోలు పోసి అంటించి నూనెను కాల్చేయడం కొన్ని చోట్ల చూస్తుంటాం. పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల పొరను రేకుకు అతికించిన జిగురు దెబ్బతింటుంది. అలాంటి ప్యాడ్ పొర నడిరోడ్డు మీద ఊడిపోవచ్చు. దాన్ని పారేసి జత మొత్తం కొత్తది కొనాలి.

అంతకన్నా భయంకరమైనది ఇంకొకటుంది. అరుపు ఆపడానికి డిస్కు మీద నూనె చుక్కలు వేయడం, తుప్పు వదిలించే స్ప్రే కొట్టడం. అరుపు నిజంగానే ఆగుతుంది. ఎందుకంటే రాపిడే ఆగిపోయింది, బ్రేకే లేకుండా పోయింది. తెలియక చేసేవాళ్లను ఎవరైనా పక్కన ఉండి ఆపాలి. అప్పటికే చేసి ఉంటే డిస్కును క్లీనర్‌తో తుడిచి, ప్యాడ్లు మార్చేదాకా ఆ బండి బయటికి తీయకూడదు.

మెకానిక్ దగ్గర చేయించేటప్పుడు విప్పిన పాత ప్యాడ్లు మీకే ఇచ్చేయమని అడగండి. ఇస్తారు. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే క్యాలిపర్ ఎలా ఉందో తెలిసిపోతుంది. రెండూ సమానంగా అరిగితే అంతా సవ్యంగా ఉంది. ఒకటి మాత్రమే అరిగితే ‘అన్నా, పిన్నులు తీసి గ్రీజు పెట్టావా?’ అని అక్కడే అడగండి. ముఖం మీద లోతైన గాట్లుంటే డిస్కును మళ్లీ ఒకసారి చూపించమనండి. పొర అంచులు విరిగి ఉంటే ఈసారి వేరే తయారీదారు సరుకు కొనండి. ఆ తేదీని, మీటరు మీది కిలోమీటర్లను సర్వీసు పుస్తకంలో రాసుకుంటే మళ్లీ ఎప్పుడు టార్చి పట్టుకుని వంగాలో మీకే తెలుస్తుంది.